చిక్కడపల్లిలో దించిన బియ్యం సంచి

మనిషిని చూడగానే అతని కథంతా తెలిసిపోయిందనుకునే వయసొకటి ఉంటుంది. నాకా వయసు అశోక్‌నగర్ హాస్టల్లో వచ్చింది. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. గ్రూప్స్ నోటిఫికేషన్ రేపో మాపో అంటూ కాలం గడుస్తుంటే, వారమంతా పుస్తకాలు, ఆదివారం నారాయణగూడలోని మా చర్చి. అక్కడి ఆడవాళ్లు రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, నెలాఖరున తెచ్చి డ్రమ్ములో పోసేవారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, ఎవరింట్లోనో పండక్కి మిగిలిన బాస్మతి, అన్నీ అందులో ఒకటైపోయేవి. వాటిని సంచులకెత్తి, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకు చేర్చడం మా కుర్రాళ్ల పని. (బియ్యం వాళ్లవైనా, దానకర్ణుణ్ణి మాత్రం నేనే అన్నట్టు ఉండేది నా నడక.)

ఒక ఆదివారం పాస్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. "తమ్మీ, చిక్కడపల్లిల మన చర్చికొచ్చే సారుకు స్కూల్ల కొలువు పోయింది. వాళ్లు పైన ఉంటరు, ఓనరమ్మ కింద. ఆమెకు తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటదని పరేషాన్ అయితున్నరు. గుట్టుగ ఇచ్చి రా." నేను ఛాతీ విరిచి, "గట్లనే అమ్మా, నాకు చెప్పాల్నా!" అన్నాను.

ఆ ఇంటి ముందు ఒక ముసలమ్మ వాకిలి ఊడుస్తోంది. వెలిసిన చీర, ఊడిపోతున్న కొప్పు. సారు వాళ్లమ్మే అని క్షణంలో తేల్చేశాను. (నా లెక్కలో ఓనరమ్మ అంటే పట్టుచీర, మెడలో లావుపాటి గొలుసు.) సంచి దించి, "అమ్మా, సారు కొలువు పోయిందని ఫికర్ చెయ్యకుండ్రి, మేమున్నం" అన్నాను. ఆమె ఏదో అనబోయింది. ముందు ప్రార్థన చేద్దామని ఆపి, కళ్లు మూసుకుని గొంతెత్తాను. "ప్రభువా, ఈ పేదతల్లిని చూడు. ఆ రాక్షసి ఓనరమ్మ చేతిల నుంచి వీళ్లను కాపాడు!"

కళ్లు తెరిచేసరికి ఆమె చీపురు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది అమ్మా."

"ఆ రాక్షసిని నేనే."

నేను గబుక్కున చేతులు జోడించాను. "తప్పయింది అమ్మా. నన్ను ఎంతన్న తిట్టుండ్రి, వాళ్లను మాత్రం ఎల్లగొట్టకుండ్రి" అని బతిమాలుకున్నాను. ఆమె వంగి, సంచి మూతి విప్పి, గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని చూసింది. అప్పుడే సారు మెట్లు దిగుతూ వచ్చాడు. నన్ను చూశాడు, సంచిని చూశాడు. మెట్టు మీదే ఆగిపోయాడు.

"సారూ, మంచిగొచ్చిండ్రు" అంది ఓనరమ్మ. "మా తమ్ముడు ఊర్నుంచి బియ్యం పంపిండు. నాకేమో షుగరాయె, డాక్టరు అన్నం తక్కువ తినుమన్నడు. ఉంచితే పురుగు పడ్తది. జర మీరు పైకి తీస్కపోండ్రి, పిల్లలు తింటరు."

ఇన్ని రకాల బియ్యం ఒకే సంచిలో పంపే ఊరు ఎక్కడా లేదు. అందులో సారు భార్య వేసిన పిడికెళ్లు కూడా ఉండే ఉంటాయి. ఆయన ఆమె అరచేతిలోని బియ్యం వైపు చూసి, "సరే అమ్మా" అన్నాడు. నేను మోస్తానని ముందుకు పోతే వద్దని, తనే భుజానికెత్తుకున్నాడు.

ఆయన పైకి వెళ్లాక ఆమె నా వైపు తిరిగింది. "ఎల్లగొడ్తనని ఎవరన్నర్రా? ఆ పిల్లలు మెట్ల మీద లొల్లి చేస్తుంటెనే నాకు పొద్దుపోతది. మల్ల నెల నువ్వే రా. నా చేతికే ఇయ్యి."

సారుకు వేరే స్కూల్లో పని దొరికేదాకా నేనే వెళ్లాను. ఆమెకు అసలు తమ్ముళ్లే లేరని తెలిసింది ఆ తర్వాతే. ఇప్పుడు నా తల నెరుస్తోంది. ఆమె మీద ఆమె ఎదుటే దేవుడికి ఫిర్యాదు చేసిన ఆ కుర్రాడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి, వెనకాలే నవ్వూ వస్తుంది. పాపం, నా ప్రార్థన అయ్యేదాకా ఎంత ఓపిగ్గా నిలబడిందో ఆ తల్లి.