మొదటి చేప గరుడికి

వీరభద్రం రెండు విషయాల్లో ఎవరి మాటా వినడు. ఒకటి చేప, రెండోది దేవుడు. మిగతా అన్నిటికీ భార్య నాగమల్లేశ్వరి మాటే వేదం. అమెరికాలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో పదిహేనేళ్ళుగా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న మనిషి, ఆదివారం వచ్చిందంటే గాలం భుజాన వేసుకుని రారిటన్ నది ఒడ్డుకు పోయి కూర్చునేవాడు. నరసాపురం దగ్గర సముద్రం మీద పెరిగినవాడికి అది నదిలా ఆనలేదు. పిల్లకాలువ అనేవాడు. అయినా వదిలేవాడు కాదు.

2006 వేసవిలో ఆ ఒడ్డున ఒక బోర్డు వెలిసింది. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు హంసిక దాన్ని చదివి చెప్పింది.

"నాన్నా, ఈ ఫిష్ తినొద్దంట. పాత ఫ్యాక్టరీ కెమికల్స్ ఉన్నాయి వాటర్‌లో. కిడ్స్‌కి వెరీ బ్యాడ్."

ఆ పూట పొయ్యి మీదున్న పులుసు గిన్నెతో సహా చెత్తబుట్టలోకి పోయింది. "ఆ ఏటి చేప గుమ్మం లోపలికొస్తే నేను గుమ్మం బయటికి పోతా" అంది నాగమల్లేశ్వరి. వీరభద్రం తినడం మానేశాడు గానీ పట్టడం మానలేదు. అలవాటు అంత తేలిగ్గా చస్తుందా?

రెండేళ్ళకి, చలికాలంలో, అవతలి ఒడ్డున ఎత్తయిన చెట్టు కొమ్మల్లో రెండు పెద్ద పక్షులు గూడు కట్టడం చూశాడు. తల తెల్లన, ఒళ్ళు ముదురు రంగు. ఇక్కడివాళ్ళకి అది బాల్డ్ ఈగిల్, ప్రభుత్వ కాగితాల మీదా నాణేల మీదా ఉండే బొమ్మ. వీరభద్రానికి మాత్రం గుండె ఝల్లుమంది. నరసాపురం సముద్రం మీద పడవల వెంట తిరిగే గరుడపక్షికీ తెల్లతలే, ఎర్రటి ఒళ్ళే. వాళ్ళ నాన్న వల లాగగానే మొదటి చేపను గాల్లోకి విసిరేవాడు. గరుడు దాన్ని అందుకుంటే ఇక ఆ రోజు వేటకు ఢోకా లేదు. ఇక్కడి పక్షి దానికి మూడింతలుంది.

"అమెరికా వచ్చాక అందరం ఒళ్ళు చేశాం, స్వామి కూడా చేశాడు" అని గోడౌన్లో తోటివాడు గోపాల్‌తో చెప్పి నవ్వాడు.

ఆనాటి నుంచి మొదటి చేప గరుడికే. మొదటిదంటే ఏదో ఒకటి కాదు. దేవుడికి పెట్టేది ఏరి పెట్టాలి. గాలానికి పడ్డవాటిలో అన్నిటికన్నా ముసలిది, పెద్దది, పొట్టలో కొవ్వు పట్టినది తీసి ఒడ్డున పరిచేవాడు. దూరంగా పోయి కూర్చుంటే గద్ద దిగి తన్నుకుపోయేది. మనుషులు తినకూడని చేపను దేవుడికి పెట్టొచ్చా అన్న అనుమానం ఒకసారి నాగమల్లేశ్వరికే వచ్చింది.

"పాముల్ని మింగి అరిగించుకునేవాడికి ఈ కెమికలొక లెక్కా?" అన్నాడు వీరభద్రం.  ఆమె ఏం చెప్పినా వినేవాడు కాడు.

2009లో పక్షి గుడ్లు పెట్టి పొదిగింది. మే నెల దాకా పొదుగుతూనే ఉంది. పిల్ల రాలేదు. 2010లోనూ అంతే. చలి ఎక్కువైందేమో అనుకుని వీరభద్రం ఇంకా పెద్ద చేపలు పెట్టాడు.

ఆ ఏడాది చివర్లో వాళ్ళింట్లో పై గది అద్దెకు తీసుకుంది సుధ. వరంగల్ పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో పర్యావరణం మీద ఎం.ఎస్. చేస్తూ, గద్దల గూళ్ళు కనిపెట్టి చూసే ప్రభుత్వం వాళ్ళకు సాయపడేది. అంకుల్‌కు గద్దల పిచ్చి ఉందని తెలిసి తన టెలిస్కోప్ ఇచ్చింది. ఫిబ్రవరిలో తల్లి గూట్లో దిగి కూర్చుందంటే గుడ్డు పెట్టినట్టేనని, పిల్ల వచ్చేదాకా ముప్పై అయిదు రోజులు లెక్కపెట్టుకోవాలని చెప్పింది. వీరభద్రం రోజులు లెక్కపెట్టాడు. ముప్పై ఏడో రోజున తల్లి తల వంచి చేపను చిన్న చిన్న ముక్కలుగా చీల్చి లోపలికి అందించడం చూశాడు. మరునాడు గోడౌన్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ లడ్డూలు పంచాడు. మనవడు పుట్టాడన్నాడు. నీకు పెళ్ళయిన పిల్లలు లేరు గదా అని వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

మేలో ప్రభుత్వం వాళ్ళు చెట్టెక్కి పిల్లను సంచిలో దించారు. కాలికి గుర్తు కడియం వేసి, రెక్క కింద రక్తం తీశారు. సుధ పుణ్యమా అని వీరభద్రం పక్కనే నిలబడి చూశాడు. పిల్ల బొద్దుగా ఉంది. ముక్కు మాత్రం పై భాగం కుడికి, కింది భాగం ఎడమకు పోయి, రెండూ కలవడం లేదు. దించిన మనిషి ఏదో గొణిగాడు. పెరిగేకొద్దీ ఎలా ఉంటుందో చూద్దామని పిల్లను మళ్ళీ గూట్లో పెట్టేశారు.

"సుధమ్మా, ఏటంటన్నాడు?"

"ముక్కు అట్ల ఉంటే చేపను చీల్చనీకి రాదు అంకుల్. ఇప్పుడంటే తల్లి తినిపిస్తది. జూలై తర్వాత తినిపియ్యదు."

రక్తం ఫలితాలు జూన్‌లో వచ్చాయి. వంటింటి బల్ల దగ్గర సుధ మెల్లగా చెప్పింది. బోర్డు మీద రాసిన ఆ కెమికలే పిల్ల ఒంట్లో ఉంది, చాలా ఉంది. ముసలి చేపల్లో, కొవ్వు చేపల్లో అది ఎక్కువ పేరుకుంటుంది. 

"ఆ చేపలు నేనే పెట్టానమ్మా. మూడేళ్ళ నుంచి. ఏరి ఏరి పెట్టాను."

 "మీరు పెట్టకున్నా అవి గా నీళ్ళల్ల చేపలే తింటయ్ అంకుల్. ఏరంతా గట్లనే ఉంది. వారానికొక్క చేపతోని ఏమైతది? మీ వల్ల కాదు."

"మరి ఎవరి వల్ల?"

"ఆ ఫ్యాక్టరీ క్లోజ్ అయి థర్టీ ఇయర్స్ అయింది. ఎవర్ని పోయి అడుగుతం?"

తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నీదే అని ఒక్కమాట అంటే చెంపలు వేసుకుని ప్రాయశ్చిత్తం చేసుకునేవాడు. తప్పు తనదో కాదో కూడా తేలకుండా పోయింది. మరుసటి ఆదివారం ఇండియన్ స్టోర్లో మంచి చేప కొని పట్టుకెళ్తానన్నాడు. సుధ తల అడ్డంగా ఊపింది.

"తల్లి ఒంట్ల కొవ్వులనే ఉంటది అంకుల్ అది. అండ్లకెళ్ళి గుడ్డుకి పోతది. ఇప్పుడు మంచిది పెట్టినా ఎన్నేండ్లకు పోతదో తెల్వది."

జూలైలో తల్లీ తండ్రీ చేపను చీల్చి పెట్టడం మానేశాయి. నిండు చేపను గూట్లో పడేసి వెళ్ళిపోయేవి. టెలిస్కోప్‌లో వీరభద్రానికి అంతా కనిపించేది. పిల్ల చేప మీదికి వంగేది, ముక్కు జారిపోయేది. మళ్ళీ వంగేది. చేప ఎండిపోయేది. సుధ ప్రభుత్వం వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆ వయసులో మనిషి చెట్టెక్కితే పిల్ల బెదిరి దూకేస్తుంది, కింద పడితే చెప్పండి అన్నారు. తొమ్మిదో రోజున పడింది. వీళ్ళు వెళ్ళేసరికే ప్రాణం లేదు. సంచిలోకి ఎత్తిన ఆఫీసరు, బరువు బొత్తిగా లేదన్నాడు. ఆ సాయంత్రం వీరభద్రం అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండానే లేచిపోయాడు. 

2012 జనవరిలో ఆ జంట మళ్ళీ పుల్లలు మోయడం మొదలుపెట్టింది. వీరభద్రం భార్యతో గుడికి వెళ్ళి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"అంతసేపు ఏం మొక్కారు?" అని కార్లో అడిగింది నాగమల్లేశ్వరి.

"ఈ ఏడు దాని కడుపు పండకూడదని."

ఆమె చటుక్కున లెంపలు వేసుకుంది. "ఇలాంటి మొక్కు ఏ నోట్లోంచీ రాకూడదండీ" అంది. కాసేపటికి, "నేనూ మొక్కితే బాగుండేది" అంది.

ఫిబ్రవరి పదహారున తల్లి గూట్లో దిగింది. మరునాడు మంచు కురిసి తెల్లతలా వీపూ కప్పేసినా కదల్లేదు. వీరభద్రం ఒడ్డు నుంచే సుధకు ఫోన్ చేసి, "కూర్చుందమ్మా" అని ఏడ్చాడు.