జవాబు కేక

మొన్న నిమోనియా తగ్గి ఆస్పత్రి నుంచి ఇంటికి బయల్దేరుతుంటే, మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి, గొట్టంతో గాలి పీల్చి ఆ బంతుల్ని పైకి లేపమంది ఫిజియోథెరపీ అమ్మాయి. ఈ వయసులో ఒక్కటి లేచినా చాలంది. నేను మూడూ లేపి, కాసేపు దిగనివ్వకుండా నిలబెట్టాను. "మామ్మగారూ, ఇదివరకు ఎక్కడన్నా నేర్చుకున్నారేంటి?" అంది నోరు తెరిచి. నేర్చుకున్నాను తల్లీ, నూజివీడు మామిడితోటలో, మా తాత దగ్గర.

మాది తోటలు కాపలా కాసే కుటుంబం. పూత రోజుల్లో ఆ తేనెవాసనకి తల దిమ్మెక్కేది. పిందెలు రాలే రోజుల్లో ఉప్పూకారం పొట్లం కట్టుకుని చెట్లకింద తిరిగేవాళ్ళం. కోతలయ్యాక పాకలో వరిగడ్డి పరిచి మాగవేసిన చిన్నరసాల వాసన మా బట్టలకే కాదు, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళే పాటల పుస్తకానికి కూడా అంటుకునేది. తోటకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చుని చిలకల్నీ కోతుల్నీ అదిలిస్తూ, మధ్యమధ్య ఈ చివరివాళ్ళు "ఓహోయ్" అంటే ఆ చివరివాళ్ళు "ఓహోయ్" అని జవాబివ్వాలి. జవాబు రాకపోతే పామో పుట్రో అనుకుని కర్ర పుచ్చుకుని పరిగెత్తడమే. మా తాతకి బైబిలు తర్వాత అంతటి మాట అదే.

పన్నెండో ఏట నా వెన్ను వంకర తిరిగి, ఒక భుజం పైకి లేచింది. కాయల బుట్టలు మోయించి పిల్లని గూనిదాన్ని చేసిందని ఊరంతా మా అమ్మని ఆడిపోసుకుంది. మద్రాసు పెద్దాసుపత్రి డాక్టరుగారు మాత్రం బుట్టల తప్పేమీ లేదని, వంకర ఇలాగే పెరిగితే ఊపిరితిత్తులకి చోటుండదని చెప్పి ఆపరేషన్ చేశారు. నెలల తరబడి మంచాన ఉంచి, చివరికి మెడ నుంచి తుంటి దాకా సిమెంటు కట్టుతో, రబ్బరు గొట్టం కలిపిన రెండు గాజుసీసాలతో ఇంటికి పంపారు. ఒక సీసాలోని నీళ్ళని ఊది రెండో సీసాలోకి ఎక్కించాలి, రోజూ పదేపదే. ఊదకపోతే కఫం అడుగున చేరి నిమోనియా వస్తుందని, ఈ పిల్ల దాన్ని తట్టుకోలేదని అమ్మకి మరీమరీ చెప్పారు.

అమ్మ అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం తనకి తెలిసిన పథ్యమే పెట్టింది: బాలింత పథ్యం. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కంచంలో వెల్లుల్లికారం. పెళ్ళి కూడా కాని నేను పచ్చి బాలింతనయ్యాను. గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, దగ్గకూడదు. "ఊదితే కుట్లూడతాయే" అని సీసాల్ని అటకెక్కించింది. నెల తిరిగేసరికి మూడు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. చచ్చిపోతానని నాకు నిజంగానే భయమేసింది.

"పిల్లని తోటకి పంపు. కూర్చుని కేకేస్తే చాలు" అన్నాడు తాత.

"కుట్లూడితేనో?"

"ఊపిరే ఆడకపోతే కుట్లని ఏం చేసుకుంటామే?"

నన్ను ఈ చివర పీట మీద కూర్చోబెట్టి తాత ఆ చివరికి వెళ్ళి కేకేశాడు. నేనూ కేకేశాను, అది మూడో చెట్టు దాకా కూడా పోలేదు. కాసేపటికి అరిగిన మోకాళ్ళతో, కర్రతో, రొప్పుకుంటూ తాత పరిగెత్తుకొచ్చాడు. "కేకేశాను తాతా" అన్నాను. "నాకు వినపళ్ళేదమ్మా. వినపడకపోతే రావాలిగా" అని మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ కేకేశాడు, మళ్ళీ వచ్చాడు. ఆ రోజు అలా ఎన్నిసార్లు పరిగెత్తాడో! ముసలాడు నా మూలంగా అంత అవస్థపడుతుంటే సిగ్గుతో ఏడ్చేశాను. ఇంటికెళ్ళి అటకమీది సీసాల్ని నేనే తీయించాను, అమ్మ అడ్డు చెప్పలేదు.

ఆనాటి నుంచి ఇంట్లో సీసాలు, తోటలో కేకలు. పిందెలు టెంక కట్టేసరికి సీసాలో సగం నీళ్ళు కదిలాయి, నా కేక సగం తోట దాటింది. తాత కూడా సగం దూరమే వచ్చి, కేక వినపడగానే అక్కడి చెట్టుకి సున్నం బొట్టు పెట్టి వెనక్కి తిరిగేవాడు. వారానికొక బొట్టు ఆయన చివరకేసి జరిగేది.

తొలికోత నాడు తాత కేకేశాడు, నేను జవాబిచ్చాను. దారికేసి చూస్తూ కూర్చున్నాను. తాత రాలేదు. ఇంకో కేక వినపడింది, మళ్ళీ జవాబిచ్చాను. అప్పుడూ రాలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అన్నం గిన్నె తెచ్చిన అమ్మ హడలిపోయి "ఏమైందే?" అంది. "తాత రాలేదమ్మా" అన్నాను. గిన్నె దింపి అమ్మ కూడా ఏడ్చింది.

ఇప్పుడా తోట లేదు, ప్లాట్లు వేశారు. కాయలు గడ్డిలో మాగడం లేదు, ఉన్న తోటలకి కెమెరాలు కాపలా. ఆస్పత్రి నుంచి వస్తూ అక్కడ కారాపించి, సర్వే రాళ్ళ మధ్య నిలబడి, పొట్ట నిండా గాలి పీల్చి "ఓహోయ్" అన్నాను. ఆ చివరిదాకా పోయింది, నాకు తెలుసు. జవాబు రాలేదు.

జవాబు రాకపోతే వెళ్ళాలిగా. చేతికర్ర పుచ్చుకుని ఆ చివరిదాకా నడిచాను.