పాటకు ముందు వచ్చే ముక్క

సదరన్ రాక్ అంటే అమెరికా దక్షిణాది వాళ్ల సంగీతమని మా బ్యాండ్ నాయకుడికి ఎవరో చెప్పారు. ఆ దక్షిణం ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే చూపించలేడు. అయినా తోలు టోపీ ఒకటి కొన్నాడు. రంగూన్ ఉక్కలో ఆ టోపీ కింద అతని నెత్తి ఎలా ఉడికేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాస్త తృప్తిగా ఉంటుంది.

అతను గిటారు వాయిస్తూ పాడేవాడు. నాది కీబోర్డు. మా ఇల్లు నదికి అవతల, దలాలో. భజనల్లో హార్మోనియం వాయించి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నా కుడిచెయ్యి పరుగెత్తేది. గాలి కొట్టడానికి అలవాటుపడ్డ ఎడమచెయ్యి ఊరికే ఊగేది.

"చూడండ్రా, కలా కరెంటు పెట్టెకి కూడా గాలి కొడుతున్నాడు" అని అతను బర్మీస్‌లో అంటే మిగతావాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్లు ఒకరినొకరు 'కో' అని, అన్నా అన్నంత మర్యాదగా పిలుచుకునేవాళ్లు. నేను మాత్రం బ్యాండులో ఉన్న ఏడేళ్లూ 'కలా'నే. ఇండియా మొహం ఉన్నవాణ్ణి అక్కడ అలాగే పిలుస్తారు. ప్రేమతోనే అంటారట. ఆ ప్రేమ నాకు అక్కర్లేదు.

సేక్కాన్ రేవులో దిగే నావికుల దగ్గర క్యాసెట్లు సంపాదించి, ఆ బాణీలకు బర్మీస్ మాటలు కట్టి పాడటమే మా పని. బయటి సంగీతం దేశంలోకి ఇంకో దారిన వచ్చేది కాదు. అలా దొరికిన ఒక టేపు మొదటి భాగం నలిగిపోయింది. పాట ఎలా మొదలవుతుందో వినపడదు. ఆ ఖాళీలోకి నేనొక ముక్క కట్టాను, కుడిచేత్తోనే.

నాయకుడు విని, "అసలు దాంట్లోనూ ఇదే ఉండుంటుంది. లేకపోతే నీకెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు.

ఉండుంటుందట!

ఎనభై ఎనిమిది ఆగస్టులో చిమిండైంగ్ బజారు దగ్గర, సైనిక పాలన పోవాలని సమ్మెలో ఉన్న జనం ముందు లారీ ఎక్కి వాయించాం. కరెంటు లేదు. దలా నుంచి హార్మోనియం పడవలో తెచ్చాను. నా ముక్క రెండోసారి వచ్చేసరికి బజారంతా నోటితో అందుకుంది. అప్పటికి మాటలు మొదలే కాలేదు, అది గమనించాలి. నాయకుడు మెగాఫోన్ లాక్కుని "నా పాట!" అని అరిచాడు.

సెప్టెంబరులో సైన్యం కాల్పులు జరిపింది. పడవలు ఆగిపోయి నేను దలాలో చిక్కుకుపోయాను. అవి మళ్లీ తిరిగేనాటికి నాయకుడు భుజాలదాకా ఉన్న జుట్టు కత్తిరించుకున్నాడు. సైన్యం చేతిలో ఉన్న టీవీలో పాడాలంటే పొడుగు జుట్టు కుదరదట. లారీ మీద స్వేచ్ఛ అని గొంతు చించుకున్నవాడు మంగలి ముందు తల వంచడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఆ టీవీ సంగతి నాకు చెప్పనే లేదు. పక్కింట్లో అమ్మతో కూర్చుని చూశాను. మేం ముందే రికార్డు చేసిన పాట వస్తోంది. కీబోర్డు ముందు నాయకుడి బావమరిది కూర్చుని, నా ముక్కకి రెండు చేతులూ పిండి పిసికినట్టు ఆడిస్తున్నాడు.

"ఏట్రా, ఆడు సేతులాడిస్తే నీ పాటొస్తాదేటి?" అంది అమ్మ.

"ఆడు తెల్లగున్నాడమ్మా."

"తెల్లగుంటే ఏటి? సున్నమూ తెల్లగే ఉంటాది."

తర్వాత ఒక పెళ్లివిందులో ఆ బావమరిది నిజంగా వాయించాల్సి వచ్చింది. అప్పుడు నాయకుడు మొదటిసారి నది దాటి మా ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండా, "కో, మావాడికి ఆ ముక్క నేర్పించు" అన్నాడు. ఏడేళ్లకి నోట్లోంచి ఊడిపడిన మర్యాద అది.

"నేనే వచ్చి వాయిస్తాను. ఈ ముక్క కట్టింది ఇతనేనని అందరిముందూ చెప్పు, చాలు."

"అది అమెరికావాళ్లది కదా."

"అయితే మీవాణ్ణి అమెరికా వెళ్లి నేర్చుకోమను."

లేచి వెళ్లిపోయాడు. విందులో ఆ ముక్క తీసేసి, పాటని గిటారుతో మొదలుపెట్టాడట. ఆ తర్వాత ఎప్పుడూ అలాగే పాడాడు. నన్ను పిలవలేదు, నేనూ వెళ్లలేదు. విందుకి వెళ్లినవాళ్లని అడిగితే పాట బాగానే ఉందన్నారు. వినేవాళ్లకైనా సిగ్గుండాలి.