రెండు మానికలు

జగదల్‌పూర్‌లో మాకు మూడు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు. టీచరు పాఠం చదివి చెప్పడం మానాలట, అంతా పిల్లల చేత చేయించాలట. చార్టులు, రంగు పెన్నులు పంచి, మా చేత చప్పట్లు కొట్టించి పంపారు. తిరుగు బస్సులో అందరూ దాన్ని తలచుకుని నవ్వుకున్నారు. నేనే నమ్మాను. బుద్ధి తక్కువై నమ్మాను.

పదో తరగతి అర్థశాస్త్రంలో మార్కెట్ పాఠం. దోర్నపాల్ సంతకు వారం వారం పోయే పిల్లలకు పుస్తకం చూసి సంత గురించి చెప్పడమేమిటి, తరగతిలోనే సంత పెట్టిద్దామనుకున్నాను. సగం మంది ఎండు ఇప్పపువ్వు అమ్మేవాళ్లు, సగం మంది దానికి బదులు ఉప్పు ఇచ్చే సావుకార్లు. అప్పటికింకా మా వైపు కాటాల కన్నా మానికలే ఎక్కువ. మా అన్న కొట్టు సంత దారిలోనే. పొద్దున్నే బడికి వస్తూ కొట్లో ఉన్న ఇత్తడి మానికలు రెండూ సంచిలో వేసుకున్నాను. ఆ కొట్టు కూడు తిని పెరిగినదాన్ని, అవి రెండెందుకున్నాయో ఏనాడూ అడగలేదు.

ముందు బెంచీలో ఒక దోర్ల తెగ పిల్ల ఉండేది. వాళ్ల ఊరి నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. వాళ్లమ్మ ఏళ్ల తరబడి మా అన్నకే పువ్వు అమ్మేది. ఆ పిల్లనే అమ్మే మనిషిగా నిలబెట్టాను. మానికలు చూడగానే పకపకా నవ్వింది.

"మేడం, ఈ పెద్దది మా పువ్వు కొనేది. ఈ చిన్నది మాకు ఉప్పు కొలిచేది. మా ఊళ్లె పసిపోరికి సుత ఎరికే!"

చిన్నదాన్ని నిండా ఉప్పుతో నింపి పెద్దదానిలో పోసింది. పైన రెండు వేళ్ల వెలితి. తరగతి గొల్లుమంది. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది గానీ, లోపల మురిసిపోయాను కూడా, పాఠం పండిందని. శభాష్ అన్నాను. ఒక్కొక్కరి చేతా కొలిపించాను. అంతటితో ఊరుకున్నానా? "ఇంటికెళ్లి మీ అమ్మలకూ చూపించండి" అన్నాను.

మరుసటి సంతలో ఆ పిల్ల తల్లి మా కొట్టు ముందు గంప దించి, "సావుకారీ, పువ్వు ఏ మానికతోని కొలుస్తవో ఉప్పు సుత దాంతోనే కొలువు" అన్నది. అన్న ఆ గంపను రోడ్డు మీద పెట్టించాడు. మిగతా కొట్లకూ కబురు పంపాడు. ఆమె పువ్వును ఒక్కడూ ముట్టలేదు. ఇక అడవి దాటి అవతలి సంతకు మోయాలి. రెండో గంప మోయడానికి పిల్ల బడి మానేసింది.

నేను అన్నతో పోట్లాటకు దిగాను. అతను అన్నం ముందు నుంచి తలెత్తలేదు.

"ఏందే నీ లొల్లి? హాస్టల్ల పెట్టి నిన్ను సదివించింది ఏ మానికనుకున్నవ్?"

ఛీ, ఆ పూట కూడా ఆ ఇంట్లోనే కంచం ముందు కూర్చున్నాను.

ఇంకో నెలలో పరీక్షలనగా పిల్ల తిరిగి వచ్చింది. తల్లి మా కొట్టు ముందు చేతులు జోడించి, తప్పయిందని చెప్పి, మళ్లీ పెద్ద మానికకే పువ్వు పోస్తున్నదట. తప్పట! ఆమె చేత ఆ మాట అడిగించింది నేను. ఆ చేతులేవో నేను జోడించి ఉండాల్సింది.

తరగతి పరీక్షలో మార్కెట్ అంటే ఏమిటని ప్రశ్న ఇచ్చాను. మానికల సంగతి రాస్తుందేమోనని ఒక పిచ్చి ఆశ. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో ఉన్నదే రాసింది: కొనేవారు, అమ్మేవారు పరస్పర అంగీకారంతో సరుకులు మార్చుకునే ఏర్పాటును మార్కెట్ అంటారు.

ఎక్కడా తప్పు లేదు. నిండు మార్కులు వేశాను.