వెర్నా జేబులో పాట

మా ఊళ్లో వెర్నా స్టిడమ్‌కున్న విచిత్రమైన అలవాటు ఒక్కటే: ఆరోగ్య బీమా కంపెనీకి ఫోను చేసి, అవతల మనిషి పలికేదాకా వేచి ఉండడం. అంతసేపూ కంపెనీవారు వినిపించే పియానో పాట ఆమె కోటు జేబులోంచి మోగుతూనే ఉండేది. అమెరికాలోని మా కెంటకీ కొండల్లో జాతీయగీతం తప్పు పాడేవారున్నారు గాని, ఆ పాట తప్పేవారు లేరు. శ్మశానంలో గోతులు తవ్వే ఎర్ల్ పార సైతం, ఆమె వచ్చి పక్కన నిలబడితే ఆ లయకే లేచేది.

వెర్నా బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. జలుబు కూడా ఆమె దగ్గరికి రావడానికి జంకేది. అంతటి ఆరోగ్యవంతురాలికి బీమా కంపెనీతో ఈ చుట్టరికమేమిటో, న్యాయమూర్తిగా ఎన్నో సాక్ష్యాలు తూచిన నాకూ అంతుబట్టలేదు.

ఒకసారి మంగలి డ్వేన్ నాకు గడ్డం గీస్తుండగా వచ్చి కూర్చుంది.

"ఆ పాట కట్టెయ్యి వెర్నా. డ్వేన్ కత్తి దానికి తాళం వేస్తోంది," అన్నాను.

"కదలకండి జడ్జిగారూ. చెవి తెగితే, అది అవసరంలేని చెవని రాసేస్తారు బీమావాళ్లు."

ఇంతలో చర్చిలో ఆర్గన్ వాయించే ఓర్విల్‌కు మోకాలు అరిగిపోయింది. ఆర్గన్‌కు చేతులతో పాటు కింద పెడళ్లు తొక్కే కాళ్లూ కావాలి. శస్త్రచికిత్స అనవసరమని కంపెనీ తోసిపుచ్చింది. సొంతంగా చేయించుకునే స్తోమత అతనికి లేదు. ఈస్టర్ తర్వాత మానేస్తానన్నాడు.

ఆ బుధవారం చర్చిలో మా గాయక బృందం సాధనకు వెర్నా వచ్చి ఆర్గన్‌ను ఆనుకుని కూర్చుంది. మేము కీర్తన ఎత్తుకున్నాం. ఆమె జేబు తన పాట ఎత్తుకుంది. చివరి చరణానికి జేబే గెలిచింది.

"బయటికి నడు," అన్నాను.

"నడుస్తాను. ఓర్విల్‌ను మీరు మోసుకురండి."

అంతలో పాట ఆగింది. వెర్నా ఫోను బయటికి తీసింది.

"ఆ, మోకాలు గల మనిషి ఇక్కడే ఉన్నాడమ్మా. ఓర్విల్, పేరూ పుట్టినరోజూ చెప్పు. నీ తరఫున నేను మాట్లాడొచ్చని చెప్పు. గట్టిగా, నాయనా. బడిలోనూ ఇంతే గొణిగేవాడివి."

రోగి తన నోటితో అనుమతిస్తే తప్ప కంపెనీ మరొకరితో మాట్లాడదు. అవతల మనిషి ఎప్పుడు పలుకుతారో ఎవరికీ తెలియదు; అందుకే రోగి పక్కనే కాచుకోవాలి. ఆమె మంగలి దుకాణంలో కూర్చున్నది డ్వేన్ బీమా కోసం. శ్మశానంలో నిలబడింది ఎర్ల్ కోసం.

"వద్దన్న మీ కంపెనీ డాక్టరు ఈ మోకాలు చూశాడా?" వెర్నా గొంతు పెంచలేదు. "చూళ్లేదా? అయితే చూసిన డాక్టరుతో ఆయన్ని మాట్లాడించండి. లైన్లోనే ఉంటానమ్మా, నాకేం తొందర లేదు."

పాట మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరమూ కట్టెయ్యమనలేదు. ఈ బీమా పద్ధతి మారాలని నేను చాలా సభల్లో వాదించాను, మారుతుందనే నమ్ముతున్నాను. అంతవరకు మా ఊరికి వెర్నా ఉంది.

డాక్టర్లిద్దరూ మాట్లాడుకున్నారు; మోకాలు అవసరమేనని తేలింది. కొత్త మోకాలితో వచ్చిన ఆదివారం, ప్రార్థన ముగిశాక ఓర్విల్ రెండు కాళ్లూ ఆడిస్తూ ఆ పియానో పాటనే ఆర్గన్ మీద చర్చి అదిరేలా వాయించాడు.

ముందు వరుసలో కునుకుతున్న వెర్నా ఉలిక్కిపడి, జేబులోంచి ఫోను లాగి చెవికి ఆనించింది.

"లైన్లోనే ఉన్నానమ్మా, చెప్పు," అంది.