దిష్టి చుక్కల పిన్ని

ఎదురైన మనిషిని "భోజనమైందా?" అని అడగాల్సిన చోట "బ్రౌజరు అప్‌డేట్ అయిందా?" అని అడిగే మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆవిడ మా కస్తూరి పిన్ని. ఎవరైనా తుమ్మితే "చిరంజీవ" అనబోయి కూడా ముందు అదే అడుగుతుంది. అలాంటి పిన్ని ఉన్నందుకు నాకు భలే గర్వం.

పిన్నిది ఒంగోలు. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమని ఢిల్లీ వచ్చి, కంప్యూటర్ సెక్షన్లో పనిచేసి, రిటైరై మయూర్ విహార్‌లో స్థిరపడింది. ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీలో మిగతా ఆంటీలు పొద్దున్నే పార్కులో యోగా చేస్తుంటే, ఈవిడ కళ్ళజోడు సర్దుకుని ఇంటింటికీ బయల్దేరుతుంది. తలుపు తీసినవాళ్ళు మంచినీళ్ళకంటే ముందు ఫోను అందించాలి.

మొదటి బాధితుడు మా సదాశివరావు బాబాయి. "మా ఇంట్లో బ్రౌజరు ఎప్పుడూ తాజాదేనమ్మా సుభద్రా. కూరే నిన్నటిది" అంటాడు నాతో.

"నిన్నటి కూరని ఎవడూ హ్యాక్ చెయ్యడు. నోరు మూసుకుని తినండి" అంటుంది పిన్ని.

సాకేత్‌లో మా చుట్టాలబ్బాయి పృథ్వీరాజ్ రిసెప్షన్. పిన్ని స్టేజీ ఎక్కి, అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు చెవిలో ఏదో ఊదింది. అతను పాపం షేర్వాణీ జేబులు తడుముకుని ఫోను తీసిచ్చాడు. వెనక జనం బఫే దాకా నిలబడిపోయారు. ఫోటోగ్రాఫరు "ఆంటీజీ, ఇధర్ దేఖియే!" అని మొత్తుకున్నాడు. "రుకో భయ్యా, రీస్టార్ట్ హో రహా హై!" అంది పిన్ని. ఆల్బంలో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. పెళ్ళికూతురు కెమెరా వైపు చూస్తుంటుంది, పెళ్ళికొడుకూ పిన్నీ ఫోను వైపు చూస్తుంటారు.

మెట్రోలో అయితే తెలిసినవాళ్ళు కూడా అక్కర్లేదు. ఓసారి పక్క సీటు కుర్రాడి లాప్‌టాప్‌లోకి తొంగిచూసి, "బేటా, వో ఊపర్ లాల్ లాల్ దిఖ్ రహా హై నా, ఉస్కో ఐసే నై ఛోడ్నా" అని, పైన ఎర్రగా కనబడే అప్‌డేట్ గుర్తుని అలా వదిలెయ్యకూడదని ఒంగోలు హిందీలో హెచ్చరించింది. ఆ అబ్బాయి ఆవిణ్ణి సైబర్ పోలీసనుకున్నాడు కాబోలు, లాప్‌టాప్ మూసి తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు. "బుద్ధిమంతుడు, ఇంటికెళ్ళి చేసుకుంటాడు" అంది పిన్ని తృప్తిగా.

నేను నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. అయినా పిన్ని నాకూ పాఠం చెబుతుంది. "బ్రౌజరంటే వీధి తలుపే. దొంగవెధవ గడియలో ఎక్కడో సందు కనిపెడతాడు. కంపెనీవాడు కనిపెట్టి కొత్త గడియ పంపిస్తాడు. మీరేమో అది బిగించుకోకుండా 'తర్వాత' అని నొక్కుతారు. దొంగకి 'తర్వాత రా' అని చెప్పే బటన్ ఉందటే?"

బ్రౌజరులో పై మూల మూడు చుక్కలుంటాయే, వాటిని పిన్ని దిష్టి చుక్కలంటుంది. "పసిపిల్ల మీద ఇరుగుపొరుగు కళ్ళే గనక ఒక చుక్క చాలు. దీని మీద ప్రపంచం కళ్ళన్నీ ఉన్నాయి, అందుకే మూడు పెట్టారు." అప్‌డేట్ అయిందో లేదో ఆ చుక్కలు నొక్కే చూడాలి. సొసైటీలో పంజాబీలూ బెంగాలీలూ కూడా ఇప్పుడు వాటిని దిష్టి చుక్కలనే అంటారు. పక్కింటి ప్రీతి అయితే అదే అసలు పేరనుకుంది. తన ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఇంజనీరుకి ఫోన్ చేసి, "భయ్యా, దిష్టి చుక్క దబాయా, ఫిర్ భీ నహీఁ హువా" అని, నొక్కినా పనవలేదని మొరపెట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేరు ఏ కంపెనీదో అని అతను పూటంతా నెట్‌లో వెతికాడట.

మా చెల్లెలు తేజశ్రీ సివిల్స్‌కని ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో గది తీసుకుంది. మంచం వేస్తే కుర్చీకి చోటుండదు, కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. ప్రిలిమ్స్ పాసైంది. మెయిన్స్ దగ్గరపడింది. రాసుకున్న నోట్సంతా ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా "బాగానే ఉన్నా అక్కా" అనేది. పిన్ని మాత్రం ఫోన్లు నమ్మదు. గోంగూర పచ్చడి సీసా, కందిపొడి డబ్బా సంచిలో వేసుకుని, అప్‌డేట్ వంకన ఆదివారాలు వెళ్ళొచ్చేది.

ఒక ఆదివారం నన్నూ వెంటపెట్టుకెళ్ళింది. తేజ తలుపు తీసింది. ముఖం పాలిపోయి ఉంది.

"నొక్కలేదు పిన్నీ!" అంది, పలకరింపు కూడా లేకుండా.

పాత ప్రశ్నపత్రాల కోసం ఏదో సైటు తెరిచిందట. తెర నిండా ఎర్రటి అక్షరాలు. 'మీ బ్రౌజరు ప్రమాదంలో ఉంది, వెంటనే అప్‌డేట్ చేయండి' అని పెద్ద బటను. అప్‌డేట్ అన్న మాట కనబడితే చాలు, మా వాళ్ళ వేళ్ళు వాటంతటవే లేస్తాయి, పిన్ని తర్ఫీదు అలాంటిది. దొంగలకి అంతకంటే ఏం కావాలి? తేజ వేలు కూడా లేచింది.

"మరెందుకాగావే?" అంది పిన్ని.

"దిష్టి చుక్కలు ఎక్కడా అని చూశా. అవి మూల వాటి చోటనే ఉన్నాయి. బటనేమో పేజీ మధ్యలో ఉంది. నువ్వు చెప్పావుగా, మన పిల్లకి చుక్క మన ఇంట్లోనే పెట్టుకుంటాం, వీధిలో పోయేవాడు కాటుక పట్టుకొచ్చి పెడతానంటే తలుపు మొహాన వెయ్యాలని. వేసేశా."

పక్క గది వైశాలి ముందురోజే అలాంటిదే నొక్కిందట. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. ఇద్దరూ తేజ నోట్సే పంచుకుని చదువుతున్నారు.

పిన్ని ఛాతీ ఎంత పొంగిందో ఆ గదిలో చోటు చాలలేదు. మరుక్షణమే చెయ్యి చాపి, "ఏదీ, ఫోనిటు" అంది. ఏదో నొక్కి, స్విచాఫ్ చేసి, తన సంచిలో పెట్టుకుంది. "టైం పడుతుంది, ముట్టుకోకు. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పను? బాగానే..." అంటూ తేజ అలవాటుగా మంచం మీద ఫోను కోసం తడిమింది. లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. "మెయిన్స్ రాయను పిన్నీ. ఇంటికెళ్ళిపోతా. మాక్ టెస్టులన్నీ పోతున్నాయి" అని ఏడ్చేసింది.

పిన్ని కందిపొడి డబ్బా మూత తీస్తూ అంది: "అప్‌డేట్ సగంలో ఉండగా ప్లగ్గు పీకుతారటే ఎవరైనా?"

తేజ ఏడుస్తూనే ఫక్కుమంది. "పీకకూడదు."

"మరి? తెర అప్పుడు నల్లగానే ఉంటుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది. కాస్త కూర్చోవాలి. ముందు అన్నం తిను, నెయ్యి తెచ్చా."

తేజ మెయిన్స్ రాసింది. ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. సొసైటీలో కనబడినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పింది పిన్ని, బ్రౌజరు సంగతి అడిగాకే అనుకోండి.

ఆ ఆదివారం తిరుగు మెట్రోలో నేను ఉండబట్టలేక అడిగాను. "పిన్నీ, ఒక మాటంటాను కోపం తెచ్చుకోకు. ఈ రోజుల్లో బ్రౌజరు అప్‌డేట్లు చాలామటుకు వాటంతటవే దిగుతాయి. మూసి మళ్ళీ తెరిస్తే చాలు. తేజ ఫోన్లో ఎప్పుడో అయిపోయి ఉంటుంది."

"అయిపోయింది. చూశాను."

"మరి స్విచాఫ్ ఎందుకు చేశావు?"

పిన్ని నన్నో అమాయకురాలిని చూసినట్టు చూసింది. "చేతిలో ఫోనున్నంతసేపూ ప్రతి పిల్లా 'బాగానే ఉన్నా' అనే అంటుందే. ఫోనివ్వమ్మా నీతో మాట్లాడాలి అంటే ఇస్తారా? అప్‌డేట్ అంటే ఇస్తారు."

నేను కిటికీ వైపు తిరిగాను. సొసైటీలో ఒక్కో ఇంట్లో పిన్ని గంటలు గంటలు ఎందుకు కూర్చుంటుందో అప్పుడర్థమైంది. పెళ్ళికొడుకుని మాత్రం ఏం అడిగిందో ఇప్పటికీ చెప్పదు.

"అవును గానీ సుభద్రా," అంది పిన్ని చెయ్యి చాపి, "నీ ఫోనేదీ?"

"నాది పొద్దున్నే అయింది పిన్నీ. బాగానే ఉన్నా."

"నిన్నెవరడిగారు? ఫోను ఇవ్వవే."

ఇచ్చాను. రైలు యమున మీదికొచ్చింది. మయూర్ విహార్ వచ్చేదాకా నేనే మాట్లాడాను.