సునీతను తీసుకురావడానికి బోధన్ వెళ్లిన రోజు

హైదరాబాద్‌లో మా ఆఫీసు సెల్‌ఫోన్లలో ఆడుకునే చిన్న చిన్న వీడియో గేములు తయారుచేస్తుంది. బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు అంతా మగవాళ్లే, నేను తప్ప. ఆడపిల్లల్ని చేర్చుకోండని నేను పోరు పెడితే మా బాసు విసిగిపోయి, "నువ్వే వెతికి తీసుకురా" అన్నాడు. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో బొమ్మల పరీక్ష పెట్టాం. బోధన్ నుంచి వచ్చిన సునీత గీసిన ఎద్దు కాగితం మీంచి లేచి నడిచేలా ఉంది. ఉద్యోగం ఇచ్చాం. తీరా చేరే వేళకు ఇంట్లో ఒప్పుకోవడం లేదని ఫోన్ చేసింది. సోమవారానికి రాకపోతే ఆ కుర్చీ ఎవరో ఒక అబ్బాయికి పోతుంది. అందుకే బయల్దేరాను.

జూబ్లీ బస్టాండులో తెల్లవారుజామునే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కామారెడ్డి మీదుగా నిజామాబాద్‌కు నాలుగు గంటలు, టికెట్టు మూడు వందల లోపే. అక్కడినుంచి బోధన్ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంటలోపు దింపుతాయి. చెరుకు కొట్టే కాలంలో మాత్రం బండ్ల వెనక ఇరుక్కుంటే ఇక అంతే సంగతులు. మేం ఇరుక్కున్నాం. బోధన్‌లో ఆటో డ్రైవరు ఏం పని చేస్తారని అడిగితే వీడియో గేములు చేస్తానన్నాను. "మా తమ్ముడు గూడ గదే పనిల ఉన్నడక్కా. పొద్దుగూకులు ఆడుతనే ఉంటడు" అన్నాడు. నవ్వాను గానీ ఒళ్లు మండింది.

సునీత వాళ్ల వాడలో ఆడవాళ్లంతా ఒకే అరుగు మీద చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లలో సునీత, పక్కనే వాళ్లమ్మ. వాళ్ల నాన్న నన్ను చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

"నిజామాబాద్ పోయి సూసొచ్చిన మేడం. బస్టాండ్ పక్కన వీడియో గేముల దుకాణం. అంత పొగ, పోరగాండ్లు, తిట్లు. గాడ నా బిడ్డ కూసుంటదా?"

పాపం, ఉద్యోగం ఎలాంటిదో చూడడానికి బస్సెక్కి వెళ్లి మరీ ఆ దుకాణం చూసొచ్చాడు. అది ఆడుకునే చోటు, మాది బొమ్మలు గీసే చోటు అని చెప్పి, మేం చేసిన గేము తెరిచి ఫోన్ చేతికిచ్చాను. వేలితో నొక్కితే తెర మీద ఎడ్లబండి గుంత దాటింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ దాటింది.

"గీ బండి ఎవలు గీసిండ్రు?"

"నేనే."

"నీడకు కూసొని గీసుడేనా? గిదైతే మంచి పనే."

సునీత చేతిలో ఆకు ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వాళ్లమ్మ అడిగింది, "నీతోని ఇంకెంతమంది ఆడోళ్లున్నరు బిడ్డా?"

అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు. "నేనొక్కదాన్నేనమ్మా."

"సూడు, బీడీలు గూడ మేం ఒక్కలమే కూసొని చెయ్యం. గంతమంది మొగోళ్ల నడుమకు పిల్లనెట్ల తోలియ్యాలె?"

"నేనుంటాను కదా."

"నువ్వు సుట్టీ పెట్టిననాడు?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను. "ఇంకొకామె చేరినంక చెప్పు, గప్పుడు పంపుత" అంది, చాలా మర్యాదగా. చాయ్ కూడా ఇచ్చింది. సునీత మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో ఏడుపు ఆగలేదు. ఆ తల్లి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమె అడిగినది న్యాయమే. ఇంకొకరు చేరితే సునీత వస్తుంది, ఆ ఇంకొకరి తల్లి కూడా ఇదే అడుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. సోమవారం ఆ కుర్చీలో అబ్బాయే కూర్చున్నాడు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. ఒంటరిగా వెళ్లకండి, మీతో పనిచేసే ఇంకొక ఆడమనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. నాకైతే వెంటబెట్టుకుని వెళ్లడానికి ఎవరూ లేరు.